అప్‌డేట్: మధ్యాహ్నం కొట్టు మూసేసే ఊళ్లో బ్రెడ్ దొరికింది

పోయిన నెల అడిగాను కదా, స్పెయిన్‌లో తెరుయెల్ దగ్గరి మా పల్లెలో ఉన్న ఒక్క కొట్టూ రెండింటి నుంచి ఐదింటి దాకా మూసేస్తారు, ఎలా నెట్టుకురావాలని. ఆ టెన్షన్ తీరింది. బ్రెడ్ వ్యానే ఊళ్లోకి వస్తుంది! పదకొండింటికి చర్చి దగ్గర హారన్ మోగగానే ముసలమ్మలు గుడ్డసంచులతో దిగుతారు. ఇన్నాళ్లూ ఎవరో దారి కోసం గోల చేస్తున్నారనుకున్నా.

వేసవి రాత్రుళ్లు వీధిలో కుర్చీలేసుకుని కబుర్లు, అచ్చం మన అరుగుల్లాగే. ఈ అలవాటుకి యునెస్కో గుర్తింపు కావాలని దక్షిణాన అల్గార్ అనే ఊరు 2021లో ముందుకొచ్చింది కూడా. నిన్న పక్కింటావిడ నాకూ ఓ కుర్చీ వేశారు. స్పానిష్ రాదు, గంటసేపు తలూపుతూ కూర్చున్నా. డాక్టర్ మాత్రం వారానికి రెండు రోజులే వస్తారు.