రోజూ తాగే కాఫీలో పుట్టగొడుగుల సారం పొడి కలపడం మంచిదేనా?

విశాఖ కోడలు:
మా మరిది డల్లాస్ నుంచి వచ్చినప్పుడు పుట్టగొడుగుల సారం పొడి డబ్బా తెచ్చాడు. లయన్స్ మేన్, రీషి, చాగా అని మూడు పేర్లున్నాయి. చెంచాడు పొడిలో మూడూ కలిపి ఒక గ్రాము అని రాశారు కానీ, దేనిది ఎంతో రాయలేదు. ఉదయం కాఫీలో, సాయంత్రం రాగిజావలో కలిపి మామయ్యకు ఇవ్వమని చెప్పి వెళ్లాడు. జ్ఞాపకశక్తి, నిద్ర, రోగనిరోధక శక్తి అన్నీ బాగుపడతాయట.

మామయ్యకు 71 ఏళ్లు. నిరుడు గుండెకు స్టెంటు వేశారు. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడుతున్నారు. "పుట్టగొడుగులే కదా, మనం కూర వండుకుని తినడం లేదా?" అంటున్నారు అత్తయ్య. నాకు మాత్రం మనసొప్పడం లేదు. వాడుతున్నవాళ్లూ, వద్దనేవాళ్లూ కారణాలతో సహా చెప్పండి.

ఫ్రిస్కో తెలుగువాడు:
మీ మరిది మంచి పనే చేశారండి. నేను చాలాకాలంగా ఉదయం కాఫీలో లయన్స్ మేన్ వేసుకుంటున్నాను. ఇదేమీ గాలి కబురు కాదు. మతిమరుపు మొదలైన 50 నుంచి 80 ఏళ్ల వయసువాళ్లు 30 మందితో జపాన్‌లో ఒక పరీక్ష జరిపి, 2009లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి ఈ పుట్టగొడుగు మాత్రలు, మిగతావారికి మందు లేని ఉత్త మాత్రలు 16 వారాలు ఇచ్చారు. పుట్టగొడుగు తీసుకున్నవారికే జ్ఞాపకశక్తి పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి. టర్కీ టెయిల్ అనే మరో పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే మందును క్యాన్సర్ చికిత్సకు తోడుగా వాడేందుకు జపాన్ 1977లోనే అనుమతించింది.

అత్తయ్యగారి మాటకు ఒక్క సవరణ. పుట్టగొడుగు కణాల గోడలు కైటిన్‌తో గట్టిగా ఉంటాయి. మన పొట్ట వాటిని పూర్తిగా విడగొట్టలేదు. అందుకే వేడినీటిలో మరిగించి, లోపలి బీటా గ్లూకాన్లను, అంటే ఒక రకం పీచు పదార్థాలను, బయటికి లాగుతారు. అదే సారం. కూరలో తిన్నదీ, ఇదీ సమానం కావు. మరిగే నీటిలో తీసిందే కాబట్టి వేడి కాఫీలో చెడిపోతుందన్న భయమూ లేదు.

రాజమండ్రి మందుల షాపు:
విశాఖ కోడలు గారూ, ముందు ఆ డబ్బా మామయ్యగారి కాఫీకి దూరంగా పెట్టండి. మిగతా చర్చ తరువాత.

క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చేసే మందులు. రీషికి కూడా ఆ గుణం ఉందని ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. మనుషుల్లో ఎంత మోతాదుకు ఎంత ప్రభావమో ఎవరూ గట్టిగా తేల్చలేదు. తేలలేదు కాబట్టే స్టెంటు ఉన్న మనిషి మీద ఆ ప్రయోగం మన వంటింట్లో చేయకూడదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు, ఎక్కడా తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. ఈ మాత్రలు వాడేవాళ్లు మా కౌంటరు దగ్గర మొదట చెప్పుకొనేవి ఇవే. "ఇంకేమైనా వాడుతున్నారా?" అంటే లేదంటారు. పొడులనూ కషాయాలనూ ఎవరూ మందుల లెక్కలో వేయరు.

ఇక చాగా. చలిదేశాల్లో బర్చ్ చెట్ల మీద పెరిగే నల్లటి బొడిపె అది. దానిలో ఆక్సలేట్లు, అంటే మూత్రపిండాల్లో రాళ్లకు కారణమయ్యే లవణాలు, చాలా ఎక్కువ. జపాన్‌లో 72 ఏళ్ల ఆవిడ రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరు నెలలు తీసుకుంటే మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ వరకూ వెళ్లింది. 2014లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. రీషి పొడి వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులు హాంకాంగ్‌లో, థాయిలాండ్‌లో నమోదయ్యాయి. అరుదే. కానీ ఆ అరుదైన మనిషి మన మామయ్యగారు కారని ఎవరు పూచీ ఇస్తారు?

ఫ్రిస్కో తెలుగువాడు:
రక్తం పలచబరిచే మందుల సంగతి ఒప్పుకుంటాను, వైద్యుణ్ని అడగకుండా ఇవ్వకూడదు. చాగా కేసు మాత్రం పూర్తిగా చెప్పండి. ఆవిడకు కాలేయ క్యాన్సర్, శస్త్రచికిత్స కూడా అయింది. పైగా రోజుకు నాలుగైదు చెంచాలు! రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిన్లాండ్‌లో కాఫీ దొరక్క చాగా మరిగించుకుని తాగారు. అతిగా వాడినవాళ్ల కేసు చూపించి, మితంగా వాడేవాళ్లను భయపెట్టడం న్యాయం కాదు.

సంగారెడ్డి పుట్టగొడుగుల రైతు:
మీరిద్దరూ మేలు, కీడు అంటున్నారు. అసలు ఆ డబ్బాలో ఉన్నది పుట్టగొడుగేనా అని ఎవరూ అడగలేదు.

నేను ముత్యపు చిప్ప రకం, పాల రకం పెంచుతాను. విత్తనం ఎలా తయారవుతుందో చెబుతాను. జొన్నలు ఉడికించి, ఆరబెట్టి, సంచుల్లో నింపి, ఆవిరితో శుద్ధి చేస్తాం. చల్లారాక శిలీంధ్రం వేస్తే, కొన్ని వారాల్లో తెల్లటి దారాలు గింజగింజకూ అల్లుకుంటాయి. సంచి నొక్కితే గడ్డలా తగులుతుంది. ఆ దారాలే మైసీలియం. గింజ నుంచి వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. అమెరికాలో కొన్ని కంపెనీలు బియ్యం మీదో, ఓట్స్ మీదో ఇలాగే పెంచి, గింజతో సహా ఎండబెట్టి, పొడి కొట్టి పుట్టగొడుగుల పొడి అని అమ్ముతాయి. దానిలో సగానికి సగం పిండే ఉన్నా ఆశ్చర్యం లేదు. మేము పంట తీసే పుట్టగొడుగు వేరు, ఈ సంచి వేరు.

డబ్బా మీద "పాలీశాకరైడ్లు 40 శాతం" అని ఉంటే సంతోషించకండి. పాలీశాకరైడ్లంటే చక్కెర అణువుల గొలుసులు, పిండి కూడా పాలీశాకరైడే. బీటా గ్లూకాన్లు ఎంతో విడిగా రాయాలి, పుట్టగొడుగు నుంచి తీశారా, మైసీలియం నుంచా అన్నది రాయాలి. అమెరికాలో కొన్న 19 రీషి ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్‌కు తగ్గట్టు ఉన్నవి అయిదే అని 2017లో ఒక పరిశోధన వచ్చింది. 1994 చట్టం ప్రకారం అక్కడ ఇలాంటివి అమ్మడానికి ముందుగా ప్రభుత్వ ఆమోదం అక్కర్లేదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. చిటికెడు పొడిని నీళ్లలో మరిగించి, చల్లార్చి, బాగా పలచన చేసి, గాయాలకు రాసే బెటాడిన్ ఒక్క చుక్క వేయండి. ముదురు నీలంగా మారితే పిండి ఉన్నట్టే. పుట్టగొడుగులో పిండి ఉండదు.

నిజామాబాద్ టీచర్:
ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పుట్టగొడుగుల కాఫీ మన ఊళ్లకు కొత్తేమీ కాదు. రీషినే గానోడెర్మా అని పేరు పెట్టి, గొలుసుకట్టు అమ్మకాలవాళ్లు ఏళ్లుగా ఇల్లిల్లూ తిరిగి అంటగడుతున్నారు. మా దూరపు బంధువు ఒకాయన ఆ మాటలు నమ్మి షుగరు మాత్రలు మానేసి కాలి పుండుతో ఆసుపత్రి పాలయ్యాడు. పొడి చేసిన హాని కంటే, మాత్రలు మాన్పించిన మాట చేసిన హాని ఎక్కువ. మన దేశంలో ఇలాంటి ఉత్పత్తుల మీద "వైద్య ప్రయోజనాలకు కాదు" అని రాయాలన్న నిబంధన ఉంది. ఆ అక్షరాలు అమ్మేవాడు చూపించడు, కొనేవాడు చదవడు.

రాజమండ్రి మందుల షాపు:
ఫ్రిస్కో గారూ, మీరు చెప్పిన 2009 పరీక్ష గురించి. ఆ మాత్రల్లో ఉన్నది సారం కాదండి! 96 శాతం ఎండు పుట్టగొడుగు పొడి. రోజుకు మూడు గ్రాములు. అంటే, సారమే కావాలి, మామూలు పుట్టగొడుగు చాలదు అని మీరు చెప్పిన మాటకు మీ సాక్ష్యమే అడ్డం తిరుగుతోంది. పైగా మాత్రలు ఆపిన నాలుగు వారాలకు మార్కులు మళ్లీ పడిపోయాయి. విశాఖ కోడలు గారి డబ్బాలో మూడూ కలిపి చెంచాకు ఒక గ్రాము. దానిలో లయన్స్ మేన్ వాటా ఎంతో దేవుడికే తెలియాలి. పీఎస్‌కే కూడా అంతే. అది జపాన్ ఆసుపత్రుల్లో మోతాదు కట్టి ఇచ్చిన మందు. దాని పేరు చెప్పి కాఫీ పొడి అమ్మకూడదు.

సంగారెడ్డి పుట్టగొడుగుల రైతు:
నా వాదన అదే. ఫ్లోరిడాలో 52 మంది ఆరోగ్యవంతులకు నాలుగు వారాలపాటు రోజూ అయిదో, పదో గ్రాముల ఎండు షిటాకే అనే పుట్టగొడుగులు వండుకుని తినమని ఇచ్చి చూశారు. రోగనిరోధక కణాల పనితీరు మెరుగైందని 2015లో ప్రచురించారు. వండుకుని తిన్నారు, డబ్బా పొడి కాదు.

ముత్యపు చిప్పలు కిలో తెచ్చి, చీల్చి, మంచి ఎండలో ఆరబెట్టండి. గొడుగు అడుగున గీరలుండే వైపు పైకి ఉంచండి. దానిలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఎండకు విటమిన్ డి2గా మారుతుంది. విరిస్తే టప్పున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. కిలోకు వంద గ్రాముల దాకా మిగులుతుంది. ఆ పొడి రసంలో, పప్పులో, దోసెల పిండిలో చెంచాడు వేసి చూడండి. టమాటా రసంలో అయితే రుచే మారిపోతుంది. కాఫీలో మాత్రం వేయకండి, కాఫీ చెడుతుంది.

విశాఖ కోడలు:
అందరికీ ధన్యవాదాలు. బెటాడిన్ వేసి చూశాను. నీళ్లు ముదురు నీలమయ్యాయి. మామయ్యకు ఇవ్వడం లేదు. వచ్చే వారం గుండె వైద్యుడి దగ్గరికి డబ్బా కూడా తీసుకెళతాను. మరిదికి ఫొటో పంపితే "ఖరీదైన కంపెనీ వదినా, అలా ఉండదు" అన్నాడు. అత్తయ్యకు ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడరు. ఆవిడకు లయన్స్ మేన్ ఒక్కటే విడిగా తెప్పించి ఇవ్వవచ్చా?

ఫ్రిస్కో తెలుగువాడు:
ఇవ్వవచ్చు. పిండి పరీక్ష సంగతి నేను కాదనను. మా డబ్బాకూ ఈ రోజే చేస్తాను. పుట్టగొడుగు నుంచి తీసినదై, బీటా గ్లూకాన్ల శాతం ముద్రించి, ప్రయోగశాల నివేదిక అడిగితే పంపే కంపెనీదే కొనండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. దద్దుర్లు గానీ, ఆయాసం గానీ వస్తే వెంటనే ఆపేయండి.

రాజమండ్రి మందుల షాపు:
ఏ జబ్బూ లేని మనిషికి దేనికోసం ఇస్తున్నట్టు? నేనైతే ఆ డబ్బుతో పుట్టగొడుగులే కొంటాను. ఇస్తామంటే మాత్రం ముందు ఒకసారి కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించండి. చాగా కలిసినది వద్దు.