పోలో జీటీకి బిల్‌స్టీన్ బీ6 వేయించాలా, కోనీనా?

అన్నలూ, ఈ రెండు కంపెనీల షాక్ అబ్సార్బర్లు వాడినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. నాది 2016 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు ఎడమ స్ట్రట్ (స్ప్రింగుతో కలిపి ఉండే షాక్) నుంచి ఆయిల్ కారుతోంది. వెనకవి కారడం లేదు గానీ, స్పీడ్ బ్రేకర్ దిగాక బండి రెండు మూడుసార్లు ఊగుతోంది. ఔటర్ మీద లేన్ మారితే పడవలో ఉన్నట్టే. ఎలాగూ నాలుగూ మార్చేస్తా.

స్ప్రింగులు కంపెనీవే ఉంటాయి. ఎత్తు తగ్గించను, మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు చూస్తే మీరే వద్దంటారు. బిల్‌స్టీన్‌దే బీ8 అయితే పొట్టి స్ప్రింగుల కోసం చేసింది కాబట్టి నాకు బీ6 చాలని నా లెక్క. కానీ అది గ్యాస్ నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే షాక్) కదా, గట్టిగా ఉండి గుంతల్లో నడుం విరగ్గొడుతుందా? వెనక సీట్లో అమ్మ కూర్చుంటుంది. అందుకే కోనీ స్పెషల్ యాక్టివ్ కూడా చూస్తున్నా. ఈ రెండూ మన రోడ్ల మీద నడిపినవాళ్లు ఉన్నారా?

ఇంకోటి. స్ట్రట్ విప్పినప్పుడే దాని పైన ఉండే టాప్ మౌంట్లు, బేరింగులు, షాక్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బ ఆపే బంప్ స్టాపులు కొత్తవి వేయిద్దామంటే, పాతవే నడుస్తాయంటున్నాడు మెకానిక్. ఆర్నెల్లకు టకటకమంటే మళ్లీ విప్పాలి, మళ్లీ అలైన్‌మెంట్, ఆ డబ్బులు అతనిస్తాడా? మీరేమంటారు?