ఉలూరుకి అమ్మానాన్నలతో వెళ్తున్నాం, చూసొచ్చినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మేముండేది మెల్‌బోర్న్‌లో. జులైలో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని ఆస్ట్రేలియా మధ్యలో ఉన్న పెద్ద ఎర్ర రాతి కొండ ఉలూరుకి తీసుకెళ్దామని ప్లాన్. నాన్న ఇప్పటికే "కొండ ఎక్కొచ్చా?" అని అడిగారు. 2019 అక్టోబర్ నుంచి ఎక్కడం పూర్తిగా మాన్పించారని, అది అక్కడి మూలవాసులైన అనంగు ప్రజలకి పవిత్రమైన చోటని చెప్తే వెంటనే ఒప్పుకున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది, ఎక్కొద్దని వాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు కదా.

అసలు టెన్షన్ అమ్మ మోకాళ్ల గురించి. చుట్టూ తిరిగే దారి పది కిలోమీటర్ల పైనే, అది ఆవిడ వల్ల కాదు. ముటిట్జులు నీటి గుంట దగ్గరికి రానూపోనూ ఒక కిలోమీటరే అంటున్నారు, దారి చదునుగా ఉంటుందా, మధ్యలో కూర్చోడానికి బల్లలున్నాయా?

ఇంకొకటి, కొన్ని చోట్ల ఫోటోలు తీయకూడదట. నాన్న కనిపించిన ప్రతిదీ ఫోన్‌లో తీస్తారు, తెలియక కూడా తప్పు జరగకూడదు, అక్కడ బోర్డులు స్పష్టంగా ఉంటాయా లేక ముందే కల్చరల్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలా?

ఉలూరు దగ్గర టూరిస్టులు బస చేసే ఊరు యులారాలో శాకాహారం సంగతి కూడా చెప్పండి ప్లీజ్, అమ్మ గుడ్డు కూడా తినదు.