జెనెటిక్స్ మేడమ్ గారి పేపర్లు, సైటేషన్లు: స్కోపస్‌లో ఒక లెక్క, గూగుల్ స్కాలర్‌లో ఇంకో లెక్క. ఏది రాయాలి?

నాగావళి_గ్రంథాలయం (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. మా కాలేజీలో జెనెటిక్స్ మేడమ్ గారి పదోన్నతి ఫైలుకి ప్రచురణల పట్టిక, సైటేషన్ల లెక్క (వేరే పేపర్లు వాటిని ఎన్నిసార్లు పేర్కొన్నాయన్నది) లైబ్రరీ తరఫున తయారుచేసి ఇవ్వాలి. స్కోపస్ డేటాబేస్‌లో 23 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 8 (అంటే కనీసం 8 సైటేషన్లు చొప్పున వచ్చిన పేపర్లు 8). గూగుల్ స్కాలర్‌లో 58 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 15. స్కోపస్‌లోనే ఆవిడవే అనిపించే ప్రొఫైళ్లు ఇంకో రెండు ఉన్నాయి, ఒకదాంట్లో 4 పేపర్లు, ఇంకోదాంట్లో 2. మొదట్లో వరి మీద, తరవాత ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ రక్తవ్యాధి మీద పనిచేశారు. మూడొందల మందికి పైగా రచయితలున్న జీనోమ్ కన్సార్టియం (చాలా ల్యాబుల ఉమ్మడి బృందం) పేపర్ ఒకటుంది, మొత్తం సైటేషన్లలో సగానికి పైగా దానివే. వెబ్ ఆఫ్ సైన్స్ (ఇంకో సైటేషన్ల డేటాబేస్) చందా మాకు లేదు. ఏ అంకె రాయాలి? కమిటీ అడిగితే ఏం చూపించాలి?

గ్రంథసూచి_విజయనగరం:
అంకె జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు జాబితా తేల్చండి. ఆ మూడు ప్రొఫైళ్లకి కారణం దాదాపు ఎప్పుడూ మన పేర్లే. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. డేటాబేస్ చివరి ముక్కనే ఇంటిపేరు అనుకుంటుంది. 'బి. అప్పలనాయుడు' అని అచ్చయితే ఒకచోట 'అప్పలనాయుడు బి.', పేరు విడగొట్టి రాసిన చోట 'నాయుడు బి.ఎ.', ఇంటిపేరు పూర్తిగా రాసిన చోట ఆ ఇంటిపేరు కిందకే వెళ్లిపోతారు. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు: పెళ్లి తరవాత ఇంటిపేరుతోపాటు ఇనీషియల్ కూడా మారుతుంది, పీహెచ్‌డీ నాటి పేపర్లు విడిగా ఉండిపోతాయి. మీ 4, 2 ప్రొఫైళ్లలో సంవత్సరాలు, కాలేజీ పేరు చూడండి. పాత పేపర్లే అయితే ఇదే సంగతి.

కాబట్టి పేరుతో వెతకడం మానేసి మేడమ్ గారి సొంత జాబితాతో మొదలుపెట్టండి. ఎక్సెల్‌లో పేపర్‌కి ఒక వరస. డీఓఐ (పేపర్ శాశ్వత గుర్తింపు సంఖ్య), పబ్‌మెడ్ (వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక) నంబరు ఉంటే అది, సంవత్సరం, జర్నల్, మొత్తం రచయితలు, అందులో మేడమ్ గారి స్థానం, కరెస్పాండింగ్ ఆథరా (పేపర్ తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు చూసే రచయిత) కాదా, పేపర్ రకం (పరిశోధన, సమీక్ష, కేస్ రిపోర్ట్, పద్ధతి, కన్సార్టియం), సైటేషన్లు, చూసిన తేదీ. ప్రతి డీఓఐనీ క్రాస్‌రెఫ్ (డీఓఐలు నమోదు చేసే సంస్థ) సైట్లో వేసి శీర్షిక సరిపోయిందో లేదో చూడండి. పాత జర్నళ్లలో చాలావాటికి డీఓఐ ఉండదు, అక్కడ సంపుటి, పేజీల నంబర్లే ఆధారం.

స్కోపస్‌లో మూడు ప్రొఫైళ్లూ కలపడానికి ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్‌లో విన్నపం పెట్టాలి, దానికి చందా అక్కర్లేదు. 16 అంకెల ఆర్కిడ్ నంబరు (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) లేకపోతే ఇవాళే తీయించండి, ఉచితమే. గూగుల్ స్కాలర్ మాత్రం మేడమ్ గారు తన లాగిన్‌తోనే సరిచేయాలి. 58లో వేరేవాళ్ల పేపర్లు కూడా ఉండొచ్చు, ఎందుకంటే పేరు కలిస్తే అది తనంతట తానే చేర్చేస్తుంది. ముందు ఆ ఆటోమేటిక్ చేర్పు ఆపించండి. ప్రీప్రింటూ (జర్నల్లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), జర్నల్లో వచ్చిన రూపమూ రెండుగా ఉంటే రెండిటికీ టిక్ పెట్టి కలపాలి.

జన్యుపటం:
పై మాటకి కొనసాగింపు. కలపడం ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూడండి. ఏడు పేపర్లకి సైటేషన్లు 41, 22, 15, 9, 6, 6, 3 అనుకుందాం. పెద్దదాన్నుంచి చిన్నదాకా పేర్చి వరస సంఖ్యతో పోల్చాలి. ఆరో పేపర్‌కి 6 ఉన్నాయి, ఏడోదానికి 7 లేవు. హెచ్-ఇండెక్స్ 6. ఇప్పుడు 9 ఉన్న పేపర్ ప్రీప్రింట్ కింద 4, జర్నల్ కింద 5గా చీలిందనుకోండి. వరస 41, 22, 15, 6, 6, 5, 4, 3 అవుతుంది. ఆరో స్థానంలో 5 పడింది, హెచ్-ఇండెక్స్ 5కి దిగింది. మొత్తం సైటేషన్లు ఒక్కటీ తగ్గలేదు, అయినా అంకె పడిపోయింది.

2005లో హిర్ష్ ప్రతిపాదించిన ఈ కొలత భౌతికశాస్త్రవేత్తల కోసం మొదలైంది. రచయితల వరసలో ఎవరు ఎక్కడున్నారో దానికి పట్టదు. జెనెటిక్స్‌లో ఆ వరసే ప్రాణం: మొదటి పేరు సాధారణంగా ప్రయోగాలు చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపినవారిది. అందుకే ఏ అంకె రాసినా దాని కింద 'మొదటి లేదా కరెస్పాండింగ్ ఆథర్‌గా ఇన్ని పేపర్లు, వాటికి ఇన్ని సైటేషన్లు' అని మరో వరస ఉండాల్సిందే.

రంగాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. వరి జన్యుశాస్త్రంలో 8, మనుషుల జన్యుశాస్త్రంలో 8 ఒకటి కావు, సైటేషన్లు వచ్చే వేగమే వేరు. పబ్‌మెడ్‌లో ఉన్న పేపర్లకయితే ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ల ఐసైట్ సైటు ఉచితం. పబ్‌మెడ్ నంబర్లు వేస్తే ప్రతి పేపర్‌కీ రిలేటివ్ సైటేషన్ రేషియో చెబుతుంది. 1 వస్తే, అదే రంగంలో అదే ఏడాది ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థంతో సమానం. సికిల్ సెల్ పేపర్లకి ఇది బాగా పనికొస్తుంది. మన దేశపు వరి ప్రజననం జర్నళ్లు చాలావరకు పబ్‌మెడ్‌లో ఉండవు, వాటికి వాడకండి. వాటికీ, వెబ్ ఆఫ్ సైన్స్ లేని లోటుకీ ఓపెన్‌అలెక్స్ డేటాబేస్ చూడండి, 2022 నుంచి ఉచితంగా ఉంది.

నాగావళి_గ్రంథాలయం:
చాలా ఉపకారం చేశారండి. చూస్తే ఆ 4 పేపర్లూ పెళ్లికి ముందువే. మరి కన్సార్టియం పేపర్ తీసేయాలా, ఉంచాలా?

జన్యుపటం:
తీయకండి, విడిగా చూపించండి. పై ఉదాహరణలో 41 బదులు 2,900 పెట్టినా హెచ్-ఇండెక్స్ 6 దాటదు. ఆ పేపర్‌ని పూర్తిగా తీసేసినా 5కే దిగుతుంది. మారేది మొత్తం సైటేషన్లు, సగటు. అందుకే ఆ రెండూ 'కన్సార్టియంతో', 'కన్సార్టియం లేకుండా' అని రెండు వరసలు రాయాలి.

మేడమ్ గారి పేరు అసలు రచయితల వరసలో ఉందా, కొలాబరేటర్ల జాబితాలో ఉందా అన్నది ముందు పబ్‌మెడ్‌లో చూసుకోండి. ఈ రెండో జాబితా విడిగా ఉంటుంది, దాన్ని రచయితగా రాసుకుంటే కమిటీ ముందు ఇబ్బంది పడతారు. రచయితే అయితే పేపర్ చివర 'రచయితల పాత్రలు' అన్న పేరా నుంచి ఆవిడ చేసిన పని, అంటే నమూనాల సేకరణో, జీనోటైపింగో, విశ్లేషణో, ఒక వాక్యంలో ఎత్తి రాయండి. ఈ రంగంలో పెద్ద రచయితల జాబితా వింతేమీ కాదు: 2015లో జీ3 జర్నల్లో వచ్చిన డ్రోసోఫిలా పేపర్‌కి వెయ్యి మందికి పైగా రచయితలు, ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే.

పద్ధతి పేపర్లు ఉంటే వాటినీ విడిగా గుర్తించాలి. 2001లో లివాక్, ష్మిట్‌జెన్ రాసిన క్యూపీసీఆర్ (జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్ష) లెక్క పద్ధతి పేపర్‌కి లక్షకు పైగా సైటేషన్లు ఉన్నాయి, ఆ పద్ధతి వాడిన ప్రతి ల్యాబూ దాన్ని పేర్కొంటుంది కాబట్టి. అది నిజమైన ఉపయోగమే, గౌరవించాల్సిందే. కానీ ఒక జన్యువు గురించి కొత్త సంగతి కనిపెట్టిన పేపర్ పక్కన పెట్టి తూచకూడదు.

రాగోలు_వరి:
వరి మీద పనిచేశారన్నారు కాబట్టి ఈ మాట. మా శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537, ఇక్కడి పొలాల్లో ఎన్ని ఎకరాల్లో పండినా స్కోపస్‌లో ఒక్క సైటేషన్ కూడా పెరగదు. విజయనగరం రాగి రకం భారతి, వీఆర్ 762 సంగతీ అంతే. వంగడం విడుదలలో మేడమ్ గారికి పాత్ర ఉంటే విడుదల, గెజిట్ నోటిఫికేషన్ల నంబర్లు, తేదీలు, మొక్కల రకాల చట్టం కింద రిజిస్ట్రేషన్ అయితే ఆ నంబరు, ప్రజనకుల జాబితాలో పేరున్న కాగితం విడిగా జతచేయండి. దీన్ని వదిలేస్తే సగం జీవితకాలపు కృషి ఫైల్లో కనబడదు.

వ్యవసాయం వైపు నాస్ (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ) స్కోరు అడుగుతారు. అది జర్నల్‌కి ఇచ్చేది, పేపర్‌కి కాదు. పేపర్ వచ్చిన ఏడాది జాబితాలోని స్కోరే రాయాలి, ఇవాళ్టిది కాదు.

గ్రంథసూచి_విజయనగరం:
యూజీసీ లెక్క కూడా చెప్పేస్తాను, పదోన్నతికి చివరకి చూసేది అదే. 2018 నిబంధనల్లో సైన్స్ పేపర్‌కి 8 పాయింట్లు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (దాని పేపర్లకి సగటున వచ్చే సైటేషన్ల కొలత) 1 లోపుంటే ఇంకో 10, 1 నుంచి 2కి 15, 2 నుంచి 5కి 20, 5 నుంచి 10కి 25, 10 దాటితే 30. ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కి 70, మిగతావారికి తలా 30 శాతం. మీ కన్సార్టియం పేపర్ 10 దాటిన జర్నల్లో ఉంటే 38లో 30 శాతం, 11.4. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1 లోపున్న చిన్న జర్నల్లో మొదటి ఆథర్‌గా రాసినదానికి 18లో 70 శాతం, 12.6. అంటే ఆ మూడొందల మంది పేపర్ కన్నా ఆవిడ సొంత సికిల్ సెల్ పేపరే ఎక్కువ తెస్తుంది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే క్లారివేట్ సంస్థ వేసే జేసీఆర్ జాబితాలోదే. జర్నల్ తన వెబ్‌సైట్లో వేసుకునే ఇతర 'ఫ్యాక్టర్లు' రాస్తే మొత్తం పట్టిక మీదే అనుమానం వస్తుంది. తను ఒప్పుకునే జర్నళ్ల కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది కాబట్టి పాత పేపర్లకి, వచ్చిన నాటికి జర్నల్ ఆ జాబితాలో ఉందని చూపే ఆధారం దాచుకోండి.

ఇక మీ మొదటి ప్రశ్న. ప్రొఫైళ్లు కలిపాక స్కోపస్ అంకె, స్వయం సైటేషన్లు (తన పేపర్లని తానే పేర్కొన్నవి) తీసేశాక అంకె, గూగుల్ స్కాలర్ అంకె, మూడూ పక్కపక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీతో రాయండి. మూడూ ఒకే రోజు తీయండి, స్క్రీన్‌షాట్‌లో తేదీ కనబడాలి. సంతకానికి పంపేముందు ప్రతి డీఓఐ మీద రిట్రాక్షన్ నోటీసు (పేపర్ వెనక్కి తీసుకున్న ప్రకటన) ఏమైనా ఉందేమో మరోసారి చూసుకోండి.