కాలిఫోర్నియా ట్యాక్స్ ఫారంలో సీనియర్ల ఫండ్: ఈ డబ్బు ఎవరికి చేరుతుంది?

ఖమ్మం బిడ్డ, శాన్ రామోన్

అందరికీ నమస్తే. స్టేట్ ట్యాక్స్ రిటర్న్ (ఫారం 540) చేస్తుంటే చివర్లో విరాళాల పేజీ వచ్చింది. క్యాన్సర్ పరిశోధన, సముద్రపు ఆటర్లు, స్టేట్ పార్కులు... వాటి మధ్యలో సీనియర్ల పేరు మీద రెండున్నాయి. కోడ్ 400 ‘సీనియర్స్ స్పెషల్ ఫండ్’, కోడ్ 438 ‘సీనియర్ సిటిజన్ అడ్వొకసీ ఫండ్’. ఏటా ఖాళీగా వదిలేసి నెక్స్ట్ నొక్కేదాన్ని. ఈసారి నాన్న పక్కనే కూర్చున్నారు. ఆయనకు 68, గ్రీన్ కార్డు ఉంది, నా రిటర్న్‌లో డిపెండెంట్ (నా మీద ఆధారపడ్డ మనిషి). కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు, యూనియన్‌లో తిరిగిన మనిషి. “ముసలోళ్ల తరఫున కొట్లాడటానికి సర్కారే చందా వసూలు చేస్తదా?” అని ఒకటే నవ్వు. ఏం చెప్పాలో నాకూ తెలీలేదు. ఇది రిఫండ్‌లోంచి పోతుందా? రెంటిలో దేనికి ఇవ్వొచ్చు?

లెక్కల మాస్టారు

రిఫండ్‌లోంచే పోతుంది. ఫెడరల్ ఫారంలో అధ్యక్ష ఎన్నికల నిధికి 3 డాలర్ల టిక్ ఉంటుంది చూడండి, దానివల్ల మీ పన్ను పెరగదు, రిఫండ్ తగ్గదు. ఇది అలా కాదు, అచ్చంగా మీ జేబులోది. 600 రావాల్సిన చోట 25 రాస్తే 575 వస్తుంది. కట్టాల్సింది ఉంటే దానికి కలుస్తుంది. కనీసం ఒక డాలరు, సెంట్లు రాయకూడదు. ఫెడరల్‌లో ఐటమైజ్ చేసేవాళ్లు (ఖర్చులు విడివిడిగా రాసి మినహాయింపు అడిగేవాళ్లు) దీన్ని ఛారిటీ కింద చూపించుకోవచ్చు.

400 మీకు కుదరదు. రిటర్న్ వేసే మనిషికో భార్యాభర్తల్లో ఒకరికో 65 నిండి, సీనియర్ ఎగ్జెంప్షన్ క్రెడిట్ (పెద్దవాళ్లకిచ్చే పన్ను తగ్గింపు) తీసుకుంటేనే అది. ఇచ్చేది కూడా ఆ క్రెడిట్ మొత్తాన్ని దాటకూడదు (2024 రిటర్న్‌కి ఒక్కొక్కరికి 149 డాలర్లు). నాన్నగారు డిపెండెంట్ కాబట్టి లెక్కలోకి రారు. 438కి వయసు పట్టింపు లేదు.

డబ్లిన్ కాకా

అడ్వొకసీ అంటే మీటింగులు, కాఫీలు. ఆ డబ్బేదో ఫుడ్ బ్యాంకుకి ఇవ్వండి, ఎవరి కడుపైనా నిండుతుంది.

ఫ్రీమాంట్ పెద్దమ్మ

కాకా, కడుపు నింపాలంటే అదే పేజీలో ‘ఎమర్జెన్సీ ఫుడ్ ఫర్ ఫ్యామిలీస్’ ఉంది, అక్కడ రాయి. నేనూ రాస్తాను. ఆ పనీ ఈ పనీ ఒకటి కాదు.

అమ్మాయీ, నాకు 71. మీ నాన్నగారి ప్రశ్న నాకు నచ్చింది. 438 డబ్బు కాలిఫోర్నియా సీనియర్ లెజిస్లేచర్‌కి పోతుంది. 1980 దశకం మొదట్లో పుట్టిన సంస్థ. అసలు శాసనసభలో ఉన్నట్టే 40 మంది సీనియర్ సెనేటర్లు, 80 మంది అసెంబ్లీ మెంబర్లు ఉంటారు. అందరూ 60 దాటినవాళ్లే, జీతం లేదు. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో కూడి, ప్రతిపాదనలు రాసి, వాదించుకుని, ఓటేసి ముఖ్యమైనవి ఏరుతారు. తర్వాత అసలు ఎమ్మెల్యేల వెంటపడి బిల్లుగా పెట్టించాలి. అక్కడే తెలుస్తుంది ఓపిక. ఆ సమావేశాల ఖర్చుకీ, పెద్దవాళ్ల కోసం వాళ్లు చేసే మిగతా పనులకీ ఈ చందా. 400 డబ్బు వేరే. ఊరూరా ఉన్న ‘ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్’లని పెద్దవాళ్లకు సేవలు చూసే సంస్థలున్నాయి (రాష్ట్రంలో 33), వాటి సలహా మండళ్లకు అది.

ఎందుకివ్వాలంటావా? మెడికాల్ (తక్కువ ఆదాయం వాళ్లకి సర్కారిచ్చే ఆరోగ్య బీమా) సంగతే చూడు. అది రావాలంటే ఉండే ఆస్తి పరిమితిని 2024 జనవరిలో ఎత్తేశారు. హమ్మయ్య అనుకున్నాం. 2026 జనవరి నుంచి మళ్లీ పెట్టారు, ఒంటరి మనిషికి 1,30,000 డాలర్లు. బ్యాంకులో దాచుకున్నది ఎంతుందో మళ్లీ లెక్క చూపాలి. బడ్జెట్ బిగిసినప్పుడు ముందుగా కోత పడేది ఇలాంటి వాటికే. అప్పుడు శాక్రమెంటోలో మైకు ముందు నిలబడి “మా సంగతేమిటి” అని అడిగే ముసలివాళ్లు కావాలి. మన తెలుగు పెద్దలు గుడికీ మనవల స్కూలుకీ తప్ప కదలరు. అడిగేదెవరు?

ఇంకో సంగతి. ఇలాంటి ఫండ్ ఫారంలో నిలవాలంటే, మొదటి ఏడాది తర్వాత సాధారణంగా ఏటా 2,50,000 డాలర్లు రావాలి. రాకపోతే తీసేస్తారు. అందుకే పది డాలర్లకీ విలువుంది. ఇంత కథ ఉన్న సంగతికి ఫారంలో ఒక్క లైనే ఇచ్చి సరిపెట్టడం నాకైతే కోపం తెప్పిస్తుంది.

మీ నాన్నగారు యూనియన్ మనిషి అన్నావు కదా. మీ కాంట్రా కోస్టా కౌంటీలో ‘అడ్వైజరీ కౌన్సిల్ ఆన్ ఏజింగ్’ మీటింగులు ఎవరైనా వెళ్లి వినొచ్చు, మాట్లాడొచ్చు. ఒకసారి తీసుకెళ్లు.

డబ్లిన్ కాకా

సరే పెద్దమ్మా, పది రాస్తా. కానీ ఇది బడ్జెట్లోంచి ఇవ్వాల్సిన ఖర్చు, ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

ఖమ్మం బిడ్డ, శాన్ రామోన్

థ్యాంక్స్ అందరికీ. పెద్దమ్మ రాసింది నాన్నకు చదివి వినిపించా. 20 రాయమన్నారు, మీటింగ్ ఎప్పుడని కూడా అడిగారు. ఇప్పుడు 20 రాసి, తర్వాత కావాలంటే రిటర్న్ అమెండ్ చేసి (సవరించి) పెంచొచ్చా?

లెక్కల మాస్టారు

కుదరదు. రిటర్న్ ఫైల్ చేశాక విరాళం మొత్తం మార్చనివ్వరు, పెంచడమైనా తగ్గించడమైనా. సబ్మిట్ నొక్కే ముందే ఆయన్ని ఇంకోసారి అడగండి.