అండాశయానికి మన ఊరి మాట ఏది?

హన్మకొండలో డాక్టరమ్మ మా చిన్నమ్మను అడిగింది: "గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు కూడా తీశారా?" చిన్నమ్మ నా మొఖం చూసి, "గర్భసంచి తీసిండ్రమ్మా, అంతే" అన్నది. ప్రశ్న ఆమెకు అర్థమే కాలేదు. ఇంటికొచ్చి బీరువాలో చీరల కింద నుంచి పాత డిశ్చార్జి కాగితం తీశాం. మడతల దగ్గర చిరిగిపోయింది. రెండు ఓవరీలూ ఉంచేశామని అందులో రాసి ఉంది.

మా వైపు గర్భసంచి అంటే లోపల ఉన్నదంతా. పాఠ్యపుస్తకంలో స్త్రీబీజకోశం, పేపర్లో అండాశయం, ఆసుపత్రిలో ఓవరీ. ఇంట్లో మాత్రం ఏ మాటా లేదు. ఆశయం అంటే ఉండే చోటు, జలాశయంలో లాగే. ఇప్పటి చెవికేమో అది ఏదో లక్ష్యంలా వినిపిస్తుంది. గర్భసంచి ఒక్కటే తీస్తే అండాశయ క్యాన్సర్ ముప్పు పోదు. అందుకే ఈ మాట నాకింత ముఖ్యం. మీ ఊళ్లో ఏమంటారు?

కరీంనగర్ అక్క ఒకరు:
కోడిని కోస్తే లోపల పచ్చసొనల గుత్తి కనిపిస్తది కదా తమ్ముడూ, అదే కోడి అండాశయం. మా అమ్మకు అట్లనే చెప్పిన. వెంటనే అర్థమైంది. మరి హార్మోన్లతో ఈ క్యాన్సర్ పెరుగుతదంటరు, నిజమేనా?

నా జవాబు:
కొన్ని రకాల్లో నిజమే అక్కా. క్యాన్సర్ కణానికి ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలుంటే, ఆ హార్మోన్ తగిలినప్పుడు కణాలు ఇంకా వేగంగా చీలడం ల్యాబుల్లో చూశారు. అన్ని కణాలూ అలా స్పందించవు. నెమ్మదిగా పెరిగే ఒక రకానికి ఈస్ట్రోజన్ తయారీని తగ్గించే లెట్రోజోల్ మాత్ర వాడతారు. 1905లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త హార్మోన్ అన్న పేరు వాడుకలోకి తెచ్చాడు. దాని గ్రీకు మూలానికి పురికొల్పడం అని అర్థం. ఈస్ట్రోజన్‌కు అది చక్కగా అతుకుతుంది. ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ మాత్రం చాలావరకు పెరుగుదలకు అడ్డుపడుతుంది, కాబట్టి 'పురికొల్పేది' అని తెలుగు చేస్తే సగమే నిజం. హార్మోన్‌ను హార్మోన్‌గానే ఉంచుదాం. ఆ మాట అందరికీ తెలిసిందే.

అండాశయానికి మాత్రం మీ గుత్తినే తీసుకుంటున్నా. మనిషి అండాశయం గట్టిగా బాదం గింజలా ఉంటుంది, సంచి కాదు. సంచి అంటే మళ్లీ గర్భసంచిలోనే కలిసిపోతుంది.

మొన్న స్కానింగ్ దగ్గర చిన్నమ్మ తనే చెప్పింది: "గర్భసంచి లేదమ్మా. గుడ్ల గుత్తులు రెండూ ఉన్నయ్."