వృద్ధుల హోమ్‌లో ఉన్న పెద్దావిడకి పడక పుండు, మణికట్టుకి కట్టిన గుర్తు: ముందు ఏ గడప తొక్కాలి?

కరకట్ట:
హైదరాబాద్ శివారులో నెలనెలా డబ్బు తీసుకునే హోమ్. పెద్దావిడకి 78 ఏళ్లు. పక్షవాతం వల్ల కుడి చెయ్యి, కాలు పనిచేయవు, మాట ముద్దగా వస్తుంది. నెలకి 32,000, చేరేటప్పుడు లక్ష డిపాజిట్, ఇప్పటికి 14 నెలలు. ఫీజు విజయవాడలో ఉండే కూతురి ఖాతా నుంచి వెళ్తోంది, అగ్రిమెంటు మీద సంతకం మాత్రం డల్లాస్‌లో ఉన్న కొడుకుది. పోయిన వారం డైపర్ మార్పిస్తుంటే నడుము కింద ఎముక దగ్గర అరచేతిలో సగమంత పుండు, అడుగున పసుపు పొర. ఎడమ మణికట్టు చుట్టూ గుడ్డ కట్టిన గీత. అడిగితే, "ఈ వయసులో పుండ్లు మామూలే, రాత్రిళ్లు పైపు పీక్కుంటున్నారని చెయ్యి కట్టాం" అన్నారు. పోలీసు కేసా, కన్స్యూమర్ కేసా, ఆర్డీవో దగ్గర సీనియర్ సిటిజన్ కేసా? ఏది ముందు?

వార్డుడ్యూటీ:
మూడూ తర్వాతండీ. ముందు ఆసుపత్రి. పుండు రోజుకో రకంగా మారుతుంది, మణికట్టు గీత కొద్ది రోజుల్లో మాయమవుతుంది. మీ దగ్గరున్న అసలు సాక్ష్యం ఆవిడ ఒళ్లే.

క్యాజువాలిటీలో "ఎమ్మెల్సీ చెయ్యండి" (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలిపే గాయంగా నమోదు) అని నోరు తెరిచి అడగండి, లేకపోతే మామూలు పేషెంటులా చేర్చేస్తారు. కేస్ షీట్‌లో పుండు ఎక్కడుందో, పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో, స్టేజి (ఒకటి నుంచి నాలుగు దాకా, పెరిగేకొద్దీ లోతు) ఎంతో రాయించాలి. పసుపు పొర అడుగంతా కప్పేస్తే స్టేజి తేల్చలేమని రాస్తారు. అంటే చిన్నదని కాదు, కింద మూడో స్టేజో నాలుగో స్టేజో ఉండొచ్చని. బరువు, రక్తంలో సోడియం, యూరియా, క్రియాటినిన్ కూడా ఆ రోజే చూపించండి. నీళ్లు పట్టలేదన్న సంగతి అక్కడ బయటపడుతుంది. చేరినప్పటి బరువుతో పోల్చండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే తిండి విషయం గట్టిగా అడగాల్సిందే.

ఫోటోలు రెండు రకాలు తియ్యండి. ఒకటి మనిషి, మంచం కనపడేలా దూరం నుంచి, రెండోది పుండు పక్కన తేదీ రాసిన పేపర్ టేపు పెట్టి దగ్గర నుంచి. పక్క మంచాల వాళ్లు ఫ్రేములో పడకూడదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ప్రతి పడక పుండూ నిర్లక్ష్యమే కాదు. చివరి రోజుల్లో ఉన్నవాళ్లకి, రక్తప్రసరణ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఎంత చూసినా వస్తాయి. తేడా తేల్చేది పక్కకి తిప్పిన చార్టు. కదలలేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి తిప్పాలి. ఆ చార్టు పట్టుకుని కళ్లతో చదవండి. నెల రోజుల టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉన్నాయా? పగటి ఆయా సంతకం తెల్లవారుజామున 2 గంటల గడిలో ఉందా? ఆసుపత్రికి తీసుకెళ్లాక కూడా "ఎడమవైపు తిప్పాం" అని రాసి ఉంటే మీరు ఇంకేం వాదించక్కర్లేదు. మందుల స్ట్రిప్పులు కూడా లెక్కపెట్టండి. నిద్రమాత్రల్లాంటివి చీటీలో లేకుండా వాడుతుంటే అది వేరే ఫిర్యాదు.

కోర్టుగుమ్మం:
పోలీసుల దగ్గర "వృద్ధాశ్రమం నిర్లక్ష్యం" అని ఒక్క ముక్క రాసిస్తే పిటిషన్ బొత్తిలోకి పోతుంది. ఏం జరిగిందో దాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. 2024 జూలై 1 నుంచి జరిగిన వాటికి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితే.

నిర్లక్ష్యంతో ప్రాణానికి ముప్పు తెస్తే సెక్షన్ 125. గాయమైతే 6 నెలల వరకు, తీవ్ర గాయమైతే 3 ఏళ్ల వరకు జైలు. 15 రోజులు తీవ్రమైన నొప్పి పడినా తీవ్ర గాయమే, పాత చట్టంలో అది 20 రోజులు. అందుకే డిశ్చార్జ్ సమ్మరీలో నొప్పి ఎన్నాళ్లు ఉందో రాయించుకోవాలి. చెయ్యి మంచానికి కట్టడం 127 కిందికి వచ్చే అక్రమ నిర్బంధం కావచ్చు. బాకీ కడితేగాని పంపం అని గేటు దగ్గర ఆపినా అదే సెక్షన్. అప్పుడు అక్కడి నుంచే 112కి ఫోన్ చెయ్యండి, బాకీ గొడవ తర్వాత తేల్చుకోవచ్చు.

చాలామంది వాడని సెక్షన్ ఇంకోటుంది: 357. ఒంట్లో శక్తి లేక తన పనులు తాను చేసుకోలేని మనిషిని చూసుకుంటామని ఒప్పందం చేసుకుని, కావాలని మానేస్తే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. శిక్ష చిన్నదే, కానీ మీ కేసుకి కొలిచి కుట్టినట్టుంది. ఇది పోలీసులు సొంతంగా దర్యాప్తు చేసే నేరం కాదు. ఇదొక్కటే అయితే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వెయ్యాలి. 125తో కలిపి ఇస్తే పోలీసులు రెండూ చూడొచ్చు.

ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, విజయవాడలో ఇస్తే జీరో ఎఫ్ఐఆర్‌గా బదిలీ చేస్తారు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనరేట్‌లో డీసీపీకి రాతపూర్వకంగా, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌కి. సీసీ కెమెరా ఫుటేజీ హార్డ్ డిస్క్ నిండగానే దాని మీదే కొత్తది ఎక్కుతుంది. కాబట్టి ఫలానా తేదీల ఫుటేజీ చెరపొద్దని హోమ్‌కి ఈ రోజే మెయిల్ పెట్టండి. మీ ఫోన్ ఫోటోలు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, ఒరిజినల్ ఫైలు ఆ ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపినది కుదించిన కాపీ.

రసీదుపుస్తకం:
డబ్బు, పరిహారం కావాలంటే కన్స్యూమర్ కమిషనే. గడువు 2 ఏళ్లు. కమిషన్‌కి కట్టే ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, హోమ్‌కి కట్టిన మొత్తాన్ని బట్టి. 14 నెలలు × 32,000 = 4,48,000, డిపాజిట్ కలిపితే 5,48,000. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. కట్టింది 50 లక్షల లోపు గనక జిల్లా కమిషనే. ఫిర్యాదుదారు ఉండే చోట కూడా వెయ్యొచ్చు. డబ్బు కట్టిన కూతురు ఫిర్యాదుదారు కావచ్చు, సేవ పొందిన తల్లి కూడా వినియోగదారే. కాబట్టి విజయవాడలో వెయ్యండి, హైదరాబాద్ తిరగక్కర్లేదు. కొడుకుని కూడా చేరిస్తే ఆయన అక్కడ నోటరీ చేయించి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి.

కేసులు ఎక్కువగా బోల్తా పడేది రసీదు దగ్గర. చాలా హోమ్‌లు ట్రస్టు పేరుతో నడుస్తాయి, నెల ఫీజుకి "విరాళం" అని రసీదు ఇస్తాయి. కేసు పడగానే "మాది ధర్మసంస్థ, ఉచిత సేవ, ఆమె వినియోగదారు కాదు" అంటారు. దీనికి విరుగుడు బ్యాంకు స్టేట్‌మెంటు: ప్రతి నెలా ఒకే రోజుల్లో ఒకే 32,000. "ఫీజు ఇంకా రాలేదు" అని వాళ్లు పెట్టిన వాట్సాప్ మెసేజీలు దానికి జత. వాళ్ల బ్రోచర్లో, వెబ్‌సైట్లో "24 గంటలూ నర్సు" అని ఉంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. నోటీసు అందిన రోజే ఆ పేజీ మారిపోతుంది. సేవాలోపాన్ని కొలిచేది ఆ మాటతోనే.

అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజులు, పొడిగిస్తే ఇంకో 15, అంతకు మించి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చట్టంలో 3 నెలల్లో తీర్పని ఉంది గానీ, ఆ లెక్కన క్యాలెండర్ గీసుకోకండి.

వయోవృద్ధుడు:
ఆర్డీవో సంగతి ఎవరూ చెప్పలేదు. 2007 నాటి తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం కింద ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్ పిల్లల నుంచి, వారసుల నుంచి పోషణ ఇప్పించడానికి. హోమ్ మీద అక్కడ పిటిషన్ వేస్తే కొట్టేస్తారు. పైగా "మరి మీరెందుకు చూసుకోలేదు" అన్న ప్రశ్న మీకే తగులుతుంది. ఆ చట్టం నియమాల్లో మీకు పనికొచ్చేది వేరే: జిల్లాలో వృద్ధాశ్రమాల పనితీరు చూడటం కలెక్టరు బాధ్యత. కలెక్టరుకి, జిల్లా సంక్షేమ అధికారికి ఒకే అర్జీ, ఎమ్మెల్సీ కాపీతో. మిగతా మంచాల మీద ఉన్నవాళ్లని కూడా ఎవరైనా వచ్చి చూసేది ఆ దారిలోనే. ఎల్డర్‌లైన్ 14567కి కూడా చెప్పండి, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటారు. తల్లి పేరు మీద వేసే కేసులకి లాయరు ఖర్చు అక్కర్లేదు. స్త్రీ కాబట్టి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ లాయరుని ఇస్తుంది, ఫోన్ 15100.

కరకట్ట:
రేపు ఉదయం అంబులెన్స్ మాట్లాడాం. హోమ్ వాళ్లు "పూర్తి సంతృప్తితో తీసుకెళ్తున్నాం, ఎలాంటి అభ్యంతరం లేదు" అనే కాగితం మీద సంతకం పెడితేనే డిపాజిట్ చెక్కు ఇస్తామంటున్నారు.

రసీదుపుస్తకం:
పెట్టకండి. ఆ ఒక్క వాక్యాన్నే కేసులో మీ మీద వాడతారు వాళ్లు. చెక్కు లేకపోయినా ఆవిణ్ణి ముందు బయటికి తీసుకురండి, డిపాజిట్ ఫిర్యాదులో అడగొచ్చు. సంతకం తప్పదంటే ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఇలా రాయండి: "నడుము కింద పుండుతో, మణికట్టు మీద కట్టిన గుర్తుతో ఉన్న స్థితిలో, నా అభ్యంతరాలు నిలుపుకుంటూ తీసుకెళ్తున్నాను." కింద తేదీ, సమయం. సంతకం పెట్టక ముందే కాగితం ఫోటో తీసుకోండి, పెట్టాక ఇంకోటి.

వార్డుడ్యూటీ:
అంబులెన్స్‌లో వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఎడమవైపుకి 30 డిగ్రీలు వాల్చి వీపు వెనక దిండు పెట్టండి, కుడి చెయ్యి కింద ఇంకోటి. తుంటి ఎముక మీద పూర్తి బరువు పడకూడదు.